పార్శ్వపు నొప్పి – మన తిండి



ఈరోజు తలనొప్పి గురించి మాట్లాడుకుందాం. అన్ని తలనొప్పులూ కాదు. కణత దగ్గర మొదలై, సుత్తితో కొట్టినట్టు పొడిచే నొప్పి ఒకటి ఉంది. ఎక్కువమందికి తలలో ఒకపక్కే వస్తుంది. కొందరికి రెండు పక్కలా వస్తుంది. దాన్ని మనం పార్శ్వపు నొప్పి అంటాం. డాక్టర్లు మైగ్రేన్ అంటారు. అది వస్తే వెలుగు చూడలేం. గిన్నెల చప్పుడు కూడా భరించలేం. కడుపులో తిప్పుతుంది. వాంతి అవుతుంది. నాలుగు గంటలు ఉండొచ్చు. మూడు రోజులూ ఉండొచ్చు. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళకు ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ. బహిష్టు దగ్గర పడినప్పుడు చాలామందికి వస్తుంది.

ఇది నిజమైన జబ్బు. పని ఎగ్గొట్టే సాకు కాదు. ఇంట్లో ఎవరైనా అట్లా అంటే ఈ పేజీ చదివి వినిపించండి.

మన పెద్దవాళ్ళు దీన్ని పైత్యం అంటారు. వాంతి అయ్యాక కొంచెం తెరిపిగా ఉంటుంది కదా! అందుకని పైత్యం దిగిపోయింది అనుకుంటాం. కొందరు గొంతులో వేలు పెట్టుకుని మరీ కక్కుతారు. అట్లా చెయ్యకండి. జబ్బు కడుపులో లేదు. తలలో, నరాల్లో ఉంది. అమ్మకు ఉంటే కూతురికి రావచ్చు. తిండి ఈ జబ్బును పుట్టించదు. కానీ నిద్రపోతున్న జబ్బును లేపగలదు. తిండి లేకపోతే ఇంకా తొందరగా లేస్తుంది.

"ఏం తినకూడదమ్మా?" అని అందరూ అడుగుతారు. "ఎప్పుడు తిన్నావు?" అని నేను అడుగుతాను.

నాట్ల రోజులు గుర్తు తెచ్చుకోండి. చీకటితో లేస్తాం. వాకిలి ఊడుస్తాం. నీళ్ళు పడతాం. వంట చేసి పిల్లలకు పెడతాం. మనం మాత్రం ఒక గ్లాసు టీ తాగి పొలం పోతాం. పగలు 12 గంటలకు గాని ముద్ద నోట్లోకి పోదు. ముందురోజు రాత్రి 8 గంటలకు తిన్నాం అనుకోండి. వేళ్ళ మీద లెక్కపెట్టండి. 16 గంటలు! పైన ఎండ. రాత్రి నిద్ర చాలలేదు. పొలంలో చాటు లేదని నీళ్ళు కూడా తాగం. మగవాళ్ళకు ఆ బాధ లేదు. కుండ నిండుగా ఉన్నప్పుడు ఒక్క చెంబు పోసినా పొర్లుతుంది. ఈ నొప్పి కూడా అంతే.

అందరూ తిన్నాక తినడమే మంచి ఇల్లాలి లక్షణం అని ఎవరు చెప్పారో గాని, వాళ్ళకు పార్శ్వపు నొప్పి వచ్చి ఉండదు.

కాబట్టి ఇల్లు కదిలే ముందే నాలుగు ముద్దలు తినండి. చద్దన్నం, మజ్జిగ చాలు. రొట్టెముక్క అయినా సరే. వేయించిన శనగలు కొంగున కట్టుకుని పోండి. నీళ్ళ సీసా మరవకండి. నలుగురూ కలిసి పోతే చాటు దొరుకుతుంది.

ఉపవాసాలు ఉన్నాయి. శనివారం, ఏకాదశి, కార్తీక సోమవారం. భక్తిని నేను కాదనను. నొప్పి ఉన్నవాళ్ళు పాలు, పండ్లు తీసుకునే ఉపవాసం ఉండండి. రంజాన్‌లో రోజా ఉండే అక్కలు సహరీ మానకండి. జబ్బుతో ఉన్నవాళ్ళకు రోజా నుంచి మినహాయింపు ఉంది.

ఇక టీ. టీ తాగితే కొందరికి నొప్పి తగ్గేమాట నిజం. కానీ రోజూ ఐదారు గ్లాసులు తాగే మనిషికి ఒకరోజు టీ దొరకకపోతే అదే తలనొప్పి తెస్తుంది. రెండు గ్లాసులు చాలు. రోజూ ఒకే వేళకు తాగండి. టీ అన్నం కాదు.

వంకాయ పడదు, గుడ్డు వేడి, మామిడిపండు వద్దు అంటారు. ఒకరికి పడనిది ఇంకొకరికి పడుతుంది. ఇంకో సంగతి ఉంది. నొప్పి వచ్చే ముందు కొందరికి తీపి మీద కోరిక పుడుతుంది. అప్పటికే లోపల నొప్పి మొదలైందన్నమాట. మనమేమో తీపి తిన్నందుకే వచ్చింది అనుకుంటాం. ఊరికే గుడ్డు, పాలు, పప్పు మానేస్తే ఒంట్లో బలం పోతుంది. 2019-21 సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తం తక్కువ అని తేలింది. ఇంకా ఏం మానేస్తాం?

ఏది పడదో తెలియాలంటే రాసుకోవాలి. మనకు రాయడం వచ్చు కదా! గోడ మీద క్యాలెండరు ఉంటుంది. నొప్పి వచ్చిన రోజు "నొ" అని రాయండి. బహిష్టు రోజు "బ" అని రాయండి. తిండి ఆలస్యమైతే "ఆ" అని రాయండి. అనుమానం ఉన్న కూర పేరు కూడా రాయండి. మూడు నెలలు రాసి చూడండి. "ఆ" పక్కన "నొ" ఎన్నిసార్లు ఉందో మీకే తెలుస్తుంది. డాక్టరుకు కూడా అది చూపించండి.

బిళ్ళల మాట. దుకాణంలో కొని వారానికి మూడు నాలుగు రోజులు మింగకండి. నెలల తరబడి అట్లా మింగితే ఆ బిళ్ళలే తలనొప్పి తెస్తాయి. నెలకు నాలుగైదు సార్లు నొప్పి వస్తుంటే డాక్టరు దగ్గరకు పోండి. రాకుండా ఆపే మందులు ఉన్నాయి.

కొన్ని తలనొప్పులు మాత్రం ఇవి కావు. ఎప్పుడూ లేనంత నొప్పి ఒక్కసారిగా వచ్చినా, జ్వరంతో మెడ బిగిసినా, కాలు చెయ్యి పడిపోయినా, మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా ఆగకండి. గర్భిణికి గట్టి తలనొప్పి వచ్చి చూపు మసకబారినా అంతే. క్యాలెండరు తర్వాత చూసుకోవచ్చు. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.