పిల్లల లెక్కలు – తప్పుల మూలములు



పిల్లవాడు లెక్క తప్పినపుడు మన యిండ్లలో వినవచ్చు మాటలు రెండే. "వీనికి లెక్కలు రావు" అనునది మొదటిది. "వీనికి శ్రద్ధ లేదు" అనునది రెండవది. ఈ రెండును రోగమును కనుగొనక రోగిని నిందించు వైద్యుని మాటలవంటివి. పెక్కేండ్లు బడిలో లెక్కలు చెప్పినవాడను గనుక, ఆ యనుభవమున నాకు దృఢముగా తెలిసిన సంగతి నొకదానిని మీకు విన్నవించుకొందును. పిల్లల తప్పులలో ననేకములకు ఒక నియమము కలదు. వారు తోచినట్లు అంకెలు చల్లుటలేదు. తాము సరియని నమ్మిన యేదో యొక సూత్రమును శ్రద్ధతో పాటించియే తప్పుచున్నారు. ఆ సూత్రమును కనుగొని సవరించినయెడల, దానినుండి పుట్టు నూఱు తప్పులు ఒక్కమాఱే తొలగును. కనుగొనక దండించినయెడల, పిల్లవాడు తప్పును మానడు, బడిని మానును.

మొదట సంఖ్యలను వ్రాయుటలో కలుగు తప్పును చూతము. మనము సంఖ్యను పలుకునపుడు సున్నను పలుకము. "నూట అయిదు" అందుము. నడుమ పదులు లేవని చెప్పము. క్రొత్తగా నేర్చువాడు విన్నది విన్నట్లు నూఱునకు 100 వ్రాసి, దాని ప్రక్కన 5 చేర్చి 1005 చేయును. వేయిన్ని యిరువదిని 100020 చేయును. వానికి పుస్తకముకంటె రూపాయలు మేలైన గురువులు. నూఱు రూపాయల నోట్లు, పది రూపాయల నోట్లు, రూపాయి నాణెములు మూడు కుప్పలుగా నుంచి, నూట అయిదు రూపాయలను తీయుమనుడు. పదుల కుప్పనుండి ఏమియు తీయలేదని వాడే చూచును. ఆ "ఏమియు లేదు" అనుదానికే సున్న గుఱుతని అపుడు చెప్పిన చాలును.

రెండవది తీసివేతలోని తప్పు. 402 నుండి 178 తీసివేయుమనగా, 376 అని వ్రాయు పిల్లలు ప్రతి బడిలోను కలరు. "ఎట్లు చేసితివి నాయనా?" యని అడిగి చూడుడు. "రెంటిలో ఎనిమిది పోదు, కావున ఎనిమిదిలో రెండు తీసితిని. సున్నలో ఏడు పోదు, కావున ఏడే వ్రాసితిని" అని చెప్పును. చూచితిరా! పెద్ద అంకెనుండియే చిన్న అంకెను తీయవలెనని వాడు చిన్న తరగతిలో నేర్చిన పాఠమునే ఇచ్చట పాటించినాడు. నేను పనిచేసిన యొక గ్రామమున అయిదవ తరగతి బాలిక యొకతె ఇట్లే ప్రతి పరీక్షయందును తప్పుచుండెను. తండ్రి ఆమెను బడి మాన్పించి మేకలవెంట పంప నిశ్చయించెను. ఆమె పలకను పరిశీలింపగా, సున్నలేని తీసివేతలన్నియు సరిగానే యున్నవి. సున్నయున్నవి మాత్రమే తప్పినవి. నూటిని పది పదులుగా మార్చుట యొక్కటి వారము దినములు నేర్పగా ఆ కొఱత తీఱినది. ఆమె చదువు నిలిచినది. తీసివేతకు పరీక్ష సులభము. మిగిలినదానిని తీసినదానితో కూడిన మొదటి సంఖ్య రావలెను. 376, 178 కూడిన 554 అగును గాని 402 కాదు. 224, 178 కూడిన 402 సరిగా వచ్చును.

మూడవది భాగహారము. 1224 రూపాయలను 12 మందికి పంచుమనగా, తలకు 12 అని కొందఱు వ్రాయుదురు. నడుమ సున్న వ్రాయుట మఱచినారు. ఇచ్చట ఉపకరించునది మీ బోటి పెద్దల కలవాటైన అంచనా. పన్నెండుగురికి నూఱేసి యిచ్చిననే 1200 అగును గదా. ఇక 12 ఎట్లగును? సమాధానము 102. లెక్క చేయుటకు ముందే "సుమారెంత రావలెను?" అని ప్రశ్నించుకొను నలవాటు గలవాడు ఇట్టి తప్పును తానే పట్టుకొనును.

భిన్నములయందు తఱచుగా కనబడు తప్పు మఱియొకటి. అరయు, మూడవ వంతును కూడుమనగా, పైవానిని పైవానితోను క్రిందివానిని క్రిందివానితోను కూడి, అయిదింట రెండు వంతులు అందురు. అరకుండ పాలున్నచోట మఱికొన్ని పాలు పోసితిమి. అవి అరకుండకంటె తగ్గునా? అయిదింట రెండు అనగా అరకంటె తక్కువయే గదా! ఈ ప్రశ్న వేసిన పిల్లవాడు నవ్వి, తన తప్పును తానే యొప్పుకొనును. పిమ్మట కుండను ఆఱు సమభాగములుగా నెంచి, అరకు మూడు భాగములు, మూడవ వంతునకు రెండు భాగములు, మొత్తము ఆఱింట అయిదు అని చూపవలెను.

దశాంశముల సంగతి కొంచెము చెప్పెదను. 1957వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీనాటి నుండి రూపాయికి పదునాఱు అణాలు పోయి నూఱు పైసలు వచ్చినవి. నాటినుండి మూడు రూపాయల అయిదు పైసలను 3.5 అని వ్రాయు తప్పు పుట్టినది. అది మూడు రూపాయల ఏబది పైసలగును. అయిదు పైసలకు 3.05 వ్రాయవలెను. ఈ తెలియమివలననే 0.3 కంటె 0.25 పెద్దదని, మూడుకంటె ఇరువదియయిదు పెద్దదిగదా యని, పిల్లలు వాదింతురు. ముప్పది పైసలు పెద్దవో, ఇరువదియయిదు పైసలు పెద్దవో అడిగిన వాదము ముగియును.

ఇంతవరకు చెప్పినవి పరీక్షలో మార్కులు పోగొట్టు తప్పులు. పొలమును పోగొట్టు తప్పొకటి కలదు. మన గ్రామములలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుదురు. పాఠ్యపుస్తకములందు నూటికి సంవత్సరమునకు ఇంత యని యుండును. 10,000 రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి మూడేండ్లుంచిన వడ్డీ యెంత యని అడుగుడు. పుస్తకమున కలవాటుపడిన విద్యార్థి 600 అనును. నిజమునకు నెలకు 200. ముప్పదియాఱు నెలలకు 7,200 రూపాయలు. రెండు రూపాయల వడ్డీ యనగా సంవత్సరమునకు 24 శాతము! ఇచ్చట కూడికయు తప్పలేదు, గుణకారమును తప్పలేదు. నెల, సంవత్సరము అను మాటలను విచారింపకుండుటయే తప్పు. రేపు ఆ పిల్లవాడు గృహస్థుడై, 12 శాతపు అప్పుకంటె రెండు రూపాయల అప్పు చౌక యని భ్రమించిన, ఆ భ్రమకు మూల్యము చెల్లించునది వాని కుటుంబము. కావున ప్రతి సంఖ్య ప్రక్కను "ఏమి? ఎంతకాలమునకు? ఏ కొలతలో?" అని పలికించుట నేర్పుడు.

గుణకారమునకు తొమ్మిదుల పరీక్ష మంచిది. 47ను 34చే హెచ్చింపగా 1598 వచ్చును. 47లోని అంకెలు కూడిన 11, మరల కూడిన 2. 34లోని అంకెలు కూడిన 7. రెండేడులు 14, అనగా 5. 1598లోని అంకెలు కూడిన 23, అనగా 5. రెండును సరిపడినవి. సరిపడనిచో తప్పు నిశ్చయము. సరిపడినంత మాత్రమున ఒప్పు నిశ్చయము కాదు. ఏలయన 1589 అని అంకెలు తాఱుమాఱు చేసినను ఈ పరీక్ష పట్టజాలదు. కావున దీనితోపాటు అంచనాయు, మఱియొకమాఱు హెచ్చించుటయు నుండవలెను.

తప్పులు మందబుద్ధుల సొత్తని తలంపకుడు. 9వ శతాబ్దియందు గణితసారసంగ్రహమును రచించిన మహావీరాచార్యుడు మహాగణితవేత్త. ఆ గ్రంథమునే మన పావులూరి మల్లన తెనిగించెను. అట్టి మహావీరుడు, ఒక సంఖ్యను సున్నచే భాగించిన ఆ సంఖ్య మాఱక నిలుచునని వ్రాసెను. 1150లో సిద్ధాంతశిరోమణిని రచించిన భాస్కరాచార్యుడు దానిని అంగీకరింపక, ఆ ఫలమునకు ఖహరమని పేరిడి, అనంతమని భావించెను. నేటి గణితజ్ఞులు సున్నచే భాగించుటకు అర్థమే లేదందురు. ఎన్ని సున్నలు కూడినను పన్నెండు కాదు గదా! ఒకరు తప్పినచోటనే మఱియొకరు విచారించుటచేత శాస్త్రము పెరిగినది. మన పిల్లల పలకమీదను ఇదియే జరుగవలెను.

కడపట మీరు చేయదగిన పనులు కొన్ని. తప్పు కనబడినపుడు వెంటనే సరియైన జవాబు చెప్పకుడు. ఎట్లు చేసినదియు చెప్పుమని ఓపికతో వినుడు. తప్పిన లెక్కను తుడిపివేయనీయకుడు. దానిపై గీతగీయించి, ప్రక్కనే సరియైనదానిని వ్రాయింపుడు. అట్టి లెక్కలే రెండు మఱునాడు ఇచ్చి చూడుడు. తన తప్పును తానే పట్టుకొన్న పిల్లను, ఒక్కమాఱే సరిగా చేసిన పిల్లకంటె నెక్కువగా మెచ్చుకొనుడు. మీకు పుస్తకపు గణితము రానక్కఱలేదు. పాలు, ధాన్యము, వడ్డీ, కూలి మీ యెఱుకలోనివే. ప్రతిదినము సాయంకాలము అఱుగుమీద కూర్చుండి పావుగంట యిట్లు ప్రశ్నించిన చాలును. భయము తీఱిన పిల్లవానికి లెక్క దానంతటదియే దారి చూపును.