పెరట్లో పూలు, తోపులో పూత
(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం నాయకురాలు చేసిన ప్రసంగం)



పొదుపు గురించి, బ్యాంకు లింకేజి గురించి, స్త్రీనిధి గురించి నా ముందు మాట్లాడినవాళ్ళు అన్నీ చెప్పేసినారు. నాకు ఇచ్చిన విషయం పెరటి తోట. ఏ విత్తనం ఎంత లోతులో పెట్టాలనేది మీకు నేను చెప్పేదేమీ లేదు. తేనెటీగలు, సీతాకోకచిలుకలు మన దొడ్లోకి రావాలంటే ఏ మొక్కలు పెట్టుకోవాలి అనేది చెబుతాను. నవ్వద్దండి. "సీతాకోకచిలుకలు చూసుకుంటా కూర్చుంటే కంతు ఎవరు కడతారు అక్కా" అని మా గ్రూపులోనే ఒకామె అడిగింది. నేను కంతు గురించే చెబుతా ఉండాను.

పోయిన ఏడు మా వీధిలో నలుగురైదుగురి ఇళ్ళలో గుమ్మడి, కాకర తీగలు పందిరి నిండా పారినాయి. పూలు బాగా పూసినాయి. పిందె మాత్రం వేలెడంత అయ్యి, పచ్చగా పండిపోయి రాలిపోయింది. ఒకరు దిష్టి అన్నారు, ఒకరు ఎరువు చాల్లేదన్నారు. నేను చూసినంతలో అక్కడ లేనిది తేనెటీగ. గుమ్మడి, బీర, సొర, కాకర వీటికి మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. కింద చిన్న కాయ మాదిరి ఉండేది ఆడపువ్వు. మగపువ్వు పుప్పొడి దానికి చేరకపోతే ఎంత ఎరువు వేసినా ఆ పిందె నిలవదు. గుమ్మడిపువ్వు తెల్లవారుజామున విచ్చుకుని ఎండ ఎక్కేసరికి ముడుచుకుంటుంది. ఆ రెండు మూడు గంటల్లోనే ఈగ రావాల. బీర, సొర సాయంత్రం విచ్చుకుంటాయి, వాటికి రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులు కూడా కావాల.

ఈగ రాకపోతే మగపువ్వు కోసి, రెక్కలు తీసేసి, ఆడపువ్వుకు మనమే రుద్దచ్చు. పది పూలకైతే సరే. చైనాలో సిచువాన్ అనే చోట పియర్ పండ్ల తోటల్లో మనుషులు చెట్లెక్కి ఈకల కుచ్చులతో పువ్వు పువ్వుకూ పుప్పొడి పూస్తారంట. మన మామిడి చెట్టుకు ఆ పని ఎవరు చేస్తారో ఒకసారి ఆలోచించండి.

ఇప్పుడు మొక్కల సంగతి. కడియం నుంచి లారీలో వచ్చే ముద్దబంతి, హైబ్రిడ్ చామంతి చూసేదానికి బాగుంటాయి. అయితే పువ్వంతా రెక్కలే అయిపోతే తేనె, పుప్పొడి తక్కువ, ఉన్నా ఈగ మూతికి అందదు. ఒంటిరెక్క నాటు బంతి, ఒంటిరెక్క మందారం ఇంటి ముందర ఉండనీయండి. క్రోటన్లు ఆకు అందానికే, వాటి మీద డబ్బులు పెట్టడం నాకైతే ఇష్టం లేదు. తులసి అందరింట్లో ఉండాది. పూజకని, గుబురుగా పెరగాలని కంకి వచ్చిన వెంటనే గిల్లేస్తాము. రెండు మూడు కొమ్మలు కంకితో వదిలిపెట్టండి, పొద్దున్నే ఎన్ని తేనీగలు వాలతాయో చూడండి. కొత్తిమీర మడిలో ఒక మూల కోయకుండా పూతకు వదలండి. ముల్లంగి, ఆవాలు కూడా అంతే. విత్తనమూ మనకే మిగులుతుంది. మునగచెట్టు ఒకటి ఉంటే చెప్పే పనే లేదు.

మన ప్రాంతం వాళ్ళకు అనప గురించి చెప్పాలా? చలికాలంలో అనప, కంది పూతకు వచ్చినప్పుడు ఆ చేను గట్టు మీద నిలబడితే జుమ్మని శబ్దం వినిపిస్తుంది. అందుకే శెనిక్కాయలో అనప, కంది సాళ్ళు వేసే పద్ధతి మానద్దు అంటాను. ఇంట్లో జాగా లేనివాళ్ళు కంచె మీద నాలుగు అనప గింజలు పెట్టినా తీగ పారుతుంది.

టమోటా, వంకాయ వేసేవాళ్ళు ఇది బాగా వినండి. ఆ పూలలో పుప్పొడి సన్నటి గొట్టాల లోపల ఉంటుంది. నల్ల తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని గట్టిగా వణికిస్తే జలజల రాలుతుంది. టమోటాకు గాలికి కూడా కొంత రాలుతుంది కానీ తుమ్మెద ఊపితే కాయ బాగా కడుతుంది. తేనెటీగకు ఆ ఊపే విద్య రాదు. మరి ఆ తుమ్మెద మిగతా రోజులు ఎక్కడ బతుకుతుంది? తంగేడు మీద. తంగేడు పువ్వు కూడా అదే రకం. దానిలో తేనె లేదు, పుప్పొడే, అదీ వణికిస్తేనే. మనమేమో పొయ్యిలోకని, గట్టు శుభ్రమని తంగేడును మొదలుకంటా నరికేస్తాము. టమోటా మడి ఉన్నవాళ్ళు గట్టున నాలుగు తంగేడు చెట్లు వదలండి. తుమ్మెద ఎండిన వెదురులో, పాత దూలాల్లో తొలుచుకుని గూడు పెడుతుంది, పందిరికి వాడిన ఎండు వెదుర్లు అన్నీ కాల్చేయద్దు.

సీతాకోకచిలుకకు పువ్వు ఒక్కటే చాలదు, గుడ్లు పెట్టేదానికి ఆకు కావాల. ఏ ఆకంటే ఆ ఆకు దాని పిల్ల తినదు. కరివేపాకు, నిమ్మ మీద పక్షి రెట్ట మాదిరి చిన్న పురుగు కనిపిస్తుంది కదా, పెద్దయ్యాక పచ్చగా అవుతుంది. దాన్ని చూసిన వెంటనే నలిపేస్తాము. అది నలుపు, పసుపు మచ్చల పెద్ద సీతాకోకచిలుక పిల్ల. కరివేపాకు అమ్ముకునేవాళ్ళు ఊరుకోలేరు, నాకు తెలుసు. వాళ్ళు పురుగును ఏరి, దూరంగా ఒక పాత చెట్టు మీద వదలండి. నారింజ రంగు రెక్కలకు చివర నలుపు, తెల్ల చుక్కలు ఉండే దానికి జిల్లేడు కావాల. వినాయక చవితి నాడు వెతుక్కుని తెచ్చే జిల్లేడును మిగతా రోజుల్లో ఎందుకు పీకేస్తామో!

దొడ్డంతా సిమెంటు చేయించుకోవడం ఇప్పుడు గొప్పయిపోయింది. నేలలో బొరియ పెట్టుకునే ఒంటరి తేనీగలు ఉన్నాయి, వాటికి ఒక మూల మట్టి వదలండి. ఎండాకాలం మట్టి మూకుడులో నీళ్ళు పోసి, గులకరాళ్ళు వేయండి. రాళ్ళు లేకపోతే ఈగలు మునిగి చస్తాయి.

ఇంక అసలు సంగతికి వస్తాను. మన మండలంలో ఎవరి బతుకైనా మామిడి చుట్టూనే తిరుగుతుంది. తోపు లేనివాళ్ళు కోతకు పోతారు, గుజ్జు ఫ్యాక్టరీకి పోతారు. మామిడి ఒక్కో పూగుత్తిలో వందలు, వేల పూలు ఉంటాయి, అందులో మగపూలే ఎక్కువ. ఈగలు, తేనెటీగలు తిరిగితేనే పిందె పడేది. పూత పూర్తిగా విచ్చుకున్న రోజుల్లోనే తేనెమంచు పురుగు అని చెప్పి మందు కొడతారు. ఇమిడాక్లోప్రిడ్ అనే మందు తేనెటీగకు విషం. యూరప్ దేశాల్లో 2018లో దాన్ని, దాని జాతి మందులు ఇంకో రెంటిని ఆరుబయట పైర్లకు వాడకూడదని నిషేధించినారు. మన దగ్గర అంగట్లో అడిగితే ఇస్తారు. తోపును గుత్తకు తీసుకున్నవాళ్ళకు ఈ ఒక్క కాపే లెక్క. వచ్చే ఏడు ఈగ ఉందో లేదో వాళ్ళకు పట్టదు, మనకు పడుతుంది. మందు కలిపే నీళ్ళు మోసేదీ మనమే.

మందే వద్దని నేను అనలేను, పురుగు పడితే పూతంతా మాడిపోతుంది. మొగ్గ దశలో, పువ్వు విచ్చుకోకముందే చూసుకోవాల. పువ్వు విచ్చిన రోజుల్లో ఆపాల. పిందె పడినాక అవసరమైతే మళ్ళీ. ఎప్పుడు కొట్టినా పొద్దు వాలినాక, ఈగలు గూటికి చేరినాక కొట్టాల. ప్రకృతి వ్యవసాయం చేసే అక్కలకు ఒక మాట. 2024లో గుల్బెంకియన్ బహుమతి అందుకున్న వాటిలో మన రాష్ట్ర ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఒకటి, దాంట్లో మన సంఘాల కష్టం ఉండాది. అయితే మనం చేసుకున్నది కాబట్టి ఏమీ కాదనుకోవద్దు. అగ్నిఅస్త్రంలో పొగాకు ఉంటుంది, ఇమిడాక్లోప్రిడ్ ఆ పొగాకు విషానికి చుట్టమే. కషాయమైనా పువ్వు మీద, పొద్దున పూట కొట్టద్దు.

మామిడి పూత అయిపోతే ఈగలకు ఏముంది అని ఒక చెల్లెలు అడిగింది. మార్చి నుంచి వేప, కానుగ, నేరేడు. ఆ తరువాత చింత. వానలు పడినాక మన తీగలు, నువ్వులు. ఆ వెనక తంగేడు, తుమ్మి, కంది, అనప. మళ్ళీ మామిడి. నడుమ ఒక్క నెల తెగినా ఈగ కొండకు పోతుంది. రోడ్డు పక్కన కానుగ కొట్టేస్తామంటే గ్రామసభలో మనం లేచి అడగాల.

గ్రామ సంఘాలకు నా విన్నపం ఒకటే. డిసెంబరు సమావేశంలో తోపుల వాళ్ళను, గుత్తదారులను పిలిపించి, పువ్వు విచ్చిన రోజుల్లో మందు కొట్టము అని మినిట్స్ పుస్తకంలో రాయించి సంతకం పెట్టించండి. ఒకరిద్దరు పెట్టకపోవచ్చు, పెట్టినవాళ్ళ పేర్లు రాసుకోండి.

మా సంఘం తరపున నాటు బంతి, అనప, తులసి విత్తనాలు చిన్న పొట్లాలు కట్టి వెనక బల్ల మీద పెట్టినాము. ఇంటికి ఒకటి తీసుకోండి, డబ్బులు వద్దు. కాపు వచ్చినాక పిడికెడు విత్తనం మీ వీఓఏకి తిరిగి ఇవ్వాల, ఆ లెక్క నేను అడుగుతాను.