బోర్డు వచ్చింది, ధర ఏది?



2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ బరిలో 185 మంది ఉంటే, 178 మంది మన రైతులే. పసుపు బోర్డు, పసుపుకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర కావాలని డిపాజిట్ కట్టి నిలబడ్డాం. బూతుకు 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. మనలో ఒక్కరూ గెలవలేదు, డిపాజిట్లూ పోయాయి. కానీ పసుపు గోస దేశమంతా విన్నది. 2023లో బోర్డు ప్రకటించారు, 2025 జనవరిలో నిజామాబాద్‌లోనే మొదలైంది.

అయినా పసుపు ఇంకా కేంద్రం మద్దతు ధరల జాబితాలో లేదు. పార్లమెంటుకు నిలబడేవాళ్లను ఆ జాబితా గురించి అడుగుదాం. అసెంబ్లీకి నిలబడేవాళ్లను ధర పడిపోతే రాష్ట్రం కొంటుందా అని అడుగుదాం. జవాబు రాసిచ్చి సంతకం పెట్టమందాం. ఉత్త మాటకు ఓటు వేయం.