పిల్లల బడి తొవ్వ మన సంఘం పనే
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం అధ్యక్షురాలి ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం ఈ మైకు దగ్గరికి వస్తే నేను మా గ్రామ సంఘం పొదుపు ఎంత, లోను ఎంత, రికవరీ ఎంత అని చదివి కూర్చునేదాన్ని. ఆ లెక్కలన్నీ ఈ పుస్తకంలోనే ఉంటయి, తీరిగ్గా చూసుకోండి. ఈసారి నేను వేరే లెక్క మాట్లాడుత. మన పిల్లలు పొద్దుగాల సంచి వేసుకొని ఇంటి నుంచి బడికి పోయే తొవ్వ లెక్క.

తొవ్వ సంగతి సర్పంచ్‌ది, ఇంజనీరు సారుది, మనకేం పని అని మీకు అనిపించొచ్చు. నాకు కూడా అట్లనే అనిపించేది. పోయిన చలికాలం దాకా.

మా సంఘంలో ఒక చెల్లె కొడుకు ఎనిమిదో తరగతి. సైకిల్ మీద బడికి పోతుంటే మూలమలుపు కాడ చెరుకు ట్రాక్టర్ ట్రాలీ తగిలింది. ఇంజన్ దాటిపోయింది కదా అని పిలగాడు సైకిల్ లోపలికి తిప్పిండు, వెనుక ట్రాలీ ఉన్న సంగతి మంచులో కనబడలే. ట్రాక్టర్ నడిపేటాయనకు తగిలినట్టు కూడా తెలియదు. కాలు రెండు చోట్ల విరిగింది. ప్రాణం దక్కింది, అదే పదివేలు. ఆ రాత్రే మేము మీటింగ్ పెట్టుకొని అత్యవసరం కింద అప్పు ఇచ్చినం. అప్పు కారణం అనే గడిలో 'వైద్యం' అని నా చేత్తో నేనే రాసిన.

రాసినంక ఎందుకో పాత పేజీలు తిప్పిన. 'వైద్యం' అని ఉన్న కాడల్లా ఆ ఇంటి సంగతి యాదికి చేసుకున్న. జ్వరాలు ఉన్నయి, కాన్పులు ఉన్నయి. కానీ బండి గుద్దింది, ఆటో పల్టీ కొట్టింది, స్కూటర్ మీది నుంచి పడ్డది, ఇవి కూడా ఉన్నయి. మనం అప్పు ఇస్తున్నం, కిస్తీ కట్టించుకుంటున్నం, రికవరీ నూటికి నూరు అని చప్పట్లు కొట్టించుకుంటున్నం. ఆ అప్పు ఎందుకు పుట్టింది అని మాత్రం అడగలే. అందుకే అంటున్న, ఇది మన సంఘం పనే.

ఇంకో మాట. ఆ పిలగాడు మూడు నెలలకు మళ్లీ బడికి వచ్చిండు. అదే తొవ్వ మీద పోయే ఒక ఆడపిల్ల మాత్రం బడి మానింది. ఆమెకు దెబ్బ తగలలే. తల్లి భయపడ్డది. "మగపిలగానికే అట్లయింది, ఆడపిల్ల కాలు విరిగితే రేపు ఎవరు చేసుకుంటరు అక్కా" అన్నది. పత్తి ఏరుడుకు తోలుకపోయింది. ఇంకో ఏడు ఆగితే పెండ్లి మాటలు వస్తయి. తొవ్వ మంచిగ లేకపోతే మొదలు ఆగేది ఆడపిల్ల చదువే. నేను పదో తరగతి దాకా చదివిన అంటే మా నాయన రోజూ సైకిల్ వెనుక కూర్చోబెట్టుకొని దింపబట్టే. ఆయనకు తీరిక లేకపోతే నేను కూడా ఏడుతోనే ఆగిపోయేదాన్ని, ఈ పుస్తకాలు రాసేదాన్ని కాదు.

నా తప్పు కూడా చెప్పుకోవాలె. నా కొడుకు తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా ఇంటాయన బండి తాళం నేనే ఇచ్చిన. ఇద్దరు దోస్తులను ఎక్కించుకొని బడికి పోతుంటే, నా కొడుకు పెద్దగైండు అని మురిసిన. తర్వాత చదివి తెలుసుకున్న. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చినరు. పద్దెనిమిది నిండని పిల్లలు బండి నడిపి ఏదన్న జరిగితే తల్లిదండ్రులకు, బండి ఓనరుకు 25 వేల రూపాయల జుర్మానా, మూడేండ్ల దాకా జైలు కూడా ఉండొచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లకు పాతికేండ్లు వచ్చేదాకా లైసెన్సు ఇయ్యరు. జుర్మానా సంగతి అటుంచండి. వాడు గుద్దేది కూడా మన పిల్లనే కదా. ఆ రోజే తాళం నా బొడ్లె సంచిలకు వచ్చింది.

ఇక మేమేం చేసినమో చెప్పుత. పెద్ద పని ఏం కాదు, ఎవరైనా చేయొచ్చు.

మొదలు, పిల్లలతో కలిసి నడిచినం. ఆరుగురం ఒక పొద్దున పిల్లల వెంబడి ఊరి నుంచి బడి గేటు దాకా నడిచినం. ఆ తొవ్వల నేను వందల సార్లు ఆటోలో పోయిన, కానీ నడిస్తేనే కండ్లు తెరుచుకున్నయి. ఒక కాడ తుమ్మ కంప రోడ్డు మీదికి వంగి ఉన్నది, పిల్లలు దాన్ని తప్పించుకోవడానికి నడిరోడ్డు మీదికి వస్తున్నరు. ఒక కాడ కల్వర్టుకు గోడ లేదు. ఒక కాడ వడ్లు, సోయా ఎండపోసి రాళ్లు పెట్టినరు, సగం రోడ్డు పోయింది. ఎండపోసినోళ్లు ఎవరో కాదు, మనమే. తాండ నుంచి వచ్చే పిల్లలకైతే రోడ్డు పక్కన అడుగు పెట్టేంత జాగ కూడా లేదు.

రెండోది, మ్యాప్ గీసినం. పేదరిక నిర్మూలన ప్రణాళిక రాసేటప్పుడు ముగ్గుపిండితో ఊరి పటం వేస్తం కదా, అట్లనే. ఎక్కడెక్కడ భయం అయితదో పిల్లలనే చూపించుమన్నం. మనం అనుకున్న జాగ వేరు, వాళ్లు చింతగింజ పెట్టిన జాగ వేరు. ఒక చిన్నపిల్ల బడి గేటు ముందటనే గింజ పెట్టింది. "బడి విడిచినప్పుడు బండ్లన్నీ ఒక్కసారే వస్తయి" అన్నది. బడి ముందట పిల్లలను దింపే మన బండ్లే అవి.

మూడోది, రోడ్డు పక్కన కూర్చొని గంట సేపు బండ్లు లెక్కపెట్టినం. ట్రాక్టర్‌కు ఒక గీత, లారీకి ఒక గీత, బైకుకు ఒక గీత. కాగితం ఒక పక్క మొత్తం నిండింది. ఆఫీసుకు పోయి "బండ్లు చానా తిరుగుతయి సార్" అంటే వినరు. ఆ కాగితం పెడితే చూస్తరు.

నాలుగోది, ఇది చానా ముఖ్యం. రోడ్డు ఎవరిదో తెలుసుకున్నం. ఊరి లోపలి గల్లీ పంచాయతీది. ఊరి నుంచి ఊరికి పోయే రోడ్డు పంచాయతీరాజ్ ఇంజనీర్లది కావొచ్చు, ఆర్ అండ్ బి వాళ్లది కావొచ్చు. హైవే అయితే దానికి వేరే ఆఫీసు. మేము తెలియక ఒక ఆఫీసుల అర్జీ ఇచ్చి రెండు నెలలు తిరిగినం. చివరికి "ఈ రోడ్డు మాది కాదమ్మా" అన్నరు. మీరు ఆ తిప్పలు పడకండి, ముందుగాల అడగండి.

స్పీడ్ బ్రేకర్ సంగతి. కోపం వచ్చి మొగోళ్లు రాత్రికి రాత్రి మట్టి, కంకర పోసి కట్ట వేస్తరు. అది తప్పు. గుర్తు లేని కట్ట మీద ఎగిరి బైకు మీద వెనుక కూర్చున్న ఆడోళ్లే పడతరు. స్పీడ్ బ్రేకర్‌కు కొలత ఉన్నది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన గుండ్రటి దానికి వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. ముందుగాల బోర్డు ఉండాలె, తెల్ల గీతలు ఉండాలె. అందుకే ఇంజనీరుతోనే వేయించుకోవాలె.

వేగం ఎందుకు తగ్గాలె అని మీ ఇంటాయన అడిగితే ఈ లెక్క చెప్పండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనుకు 16 మీటర్లు దాటుతది. పిల్ల కనబడి, కాలు బ్రేకు మీద పడేలోపలనే అంత దూరం పోతది. అదే 30తో పోతే అందులో సగమే. 30తో తగిలితే పిల్ల బతికే ఆశ ఎక్కువ. వేగం పెరిగినకొద్దీ ఆ ఆశ తగ్గిపోతది. 2020లో స్టాక్‌హోంలో చానా దేశాలు కూడి, మనుషులు, బండ్లు కలిసి తిరిగే జాగల 30 దాటొద్దని చెప్పింది అందుకే.

ఆడోళ్లు అడిగితే రోడ్లు మారుతయా అంటరు. మారినయి. నెదర్లాండ్స్ అనే దేశంలో ఇప్పుడు చానామంది పిల్లలు సైకిళ్ల మీదనే బడికి పోతరు. అక్కడ మొదటి నుంచి అట్ల లేదు. 1971లో ఒక్క సంవత్సరంలనే నాలుగు వందలకు పైగా పిల్లలు రోడ్ల మీద చనిపోయినరు. తల్లిదండ్రులు రోడ్ల మీద కూర్చున్నరు, పిల్లల చావులు ఆపండి అని ఉద్యమం చేసినరు. అప్పటి నుంచి సైకిళ్లకు వేరే తొవ్వలు వచ్చినయి. తమిళనాడు పుదుక్కోట్టైలో 1990ల మొదట్ల అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలమంది పల్లెటూరి ఆడోళ్లు సైకిల్ నేర్చుకున్నరు, మనలాంటి కూలోళ్లే. బీహార్‌లో 2006 నుంచి హైస్కూల్ ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోవడానికి పైసలు ఇస్తే, బడికి వచ్చే ఆడపిల్లలు బాగా పెరిగినరు. మన పక్కనే ఉన్న కర్ణాటకలో కూడా 2006-07 నుంచి చానా ఏండ్లు ఎనిమిదో తరగతి పిల్లలకు సైకిళ్లు ఇచ్చినరు. బీదర్ దిక్కు చుట్టాలున్నోళ్లకు తెలుసు.

మన దుఃఖం కూడా మరువొద్దు. 2014 జులై 24న మాసాయిపేట గేటు లేని రైలు పట్టాల మీద బడి బస్సును రైలు గుద్దింది. పదిమందికి పైగా పిల్లలు పోయినరు. అప్పుడు మనం కూడా ఆ మెదక్ జిల్లాలనే ఉన్నం. ఆ తర్వాత నాలుగైదు ఏండ్లలో దేశంలో పెద్ద లైన్ల మీద కాపలా లేని గేట్లు లేకుండ చేసినరు. చేయాలనుకుంటే అయితది. కానీ పిల్లలు పోయినంక అయింది. మన మూలమలుపు దగ్గర ముందుగాలనే కావాలె అని నా బాధ.

మన చేతిల ఏమున్నది? చానా ఉన్నది. 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు గ్రామ సంఘం అధ్యక్షురాలే చైర్‌పర్సన్. అంటే బడి గేటు, బడి ముందటి జాగ మీద మనం మాట్లాడితే హెడ్మాస్టరు సారు వింటరు. గ్రామ పేదరిక నిర్మూలన ప్రణాళిక మనమే రాస్తం, అది పంచాయతీ ప్రణాళికలో కలుస్తది. అందులో 'వీధి దీపం, కల్వర్టు గోడ, బడి తొవ్వ' అని రాస్తే అది కాగితం మీదికి ఎక్కుతది. రాయకపోతే ఎవరూ రాయరు. కలెక్టరాఫీసుల సోమవారం ప్రజావాణి ఉన్నది. బస్సు టైం బడి టైంకు కలవకపోతే నారాయణఖేడ్ డిపోల అడగొచ్చు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల టికెట్ లేదు. కానీ బస్సే టైంకు రాకపోతే టికెట్ లేక ఏం లాభం? 2025 మార్చి 8 నుంచి మండల సమాఖ్యల బస్సులే ఆర్టీసీల అద్దెకు తిరుగుతున్నయి. బస్సు ఓనర్లమైనోళ్లం బస్సు టైం అడగలేమా?

విద్యా హక్కు నియమాల ప్రకారం చిన్న తరగతులకు కిలోమీటరు లోపల, ఆరు నుంచి ఎనిమిదికి మూడు కిలోమీటర్ల లోపల బడి ఉండాలె. అంతకన్న దూరం పోయే పిల్లలకు సమగ్ర శిక్ష కింద రవాణా భత్యం ఉన్నది, సంవత్సరానికి 6 వేల దాకా. మీ తాండ పిల్లల పేర్లు ఆ లిస్టుల ఉన్నయా అని హెడ్మాస్టరును, ఎంఈఓ ఆఫీసుల అడగండి.

ఇంట్ల చెప్పేవి కూడా ఉన్నయి. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద నడిచే పిల్లలు కుడి పక్కన, ఎదురుగా వచ్చే బండ్లు కనబడేటట్టు, ఒకరి వెనుక ఒకరు నడవాలె. సైకిల్ అయితే ఎడమ పక్కన. బస్సు దిగినంక బస్సు పోయేదాకా ఆగి దాటాలె, ముందట నుంచి ఉరకొద్దు. ట్రాక్టర్ దాటిందంటే ట్రాలీ కూడా దాటినట్టు కాదు, రెండు ట్రాలీలు ఉండొచ్చు. వానలల్ల వాగు రోడ్డు మీద పారుతుంటే ఆ రోజు బడి లేదన్నట్టే, మోకాలు లోతు పారే నీళ్లు కూడా మనిషిని గుంజుకపోతయి. సంచి మీద, సైకిల్ మడ్‌గార్డ్ మీద రేడియం స్టిక్కర్ వేయండి. మన ఇండ్లల్ల ట్రాక్టర్ ఉంటే మొదలు మన ట్రాలీ వెనుక వేయండి.

మా ఊర్ల ఏమైందంటే, శ్రమదానం చేసి తుమ్మలు కొట్టినం. పంట ఎండపోసుడు బడి తొవ్వ మీద వద్దని తీర్మానం రాసినం, సంతకాలు పెట్టినం. వంతుల వారీగ ఇద్దరు అమ్మలు తాండ పిల్లలను గుంపుగా తీసుకపోతున్నరు. ట్రాలీలకు రేడియం వేయించినం. స్పీడ్ బ్రేకర్ ఇంకా రాలే, కల్వర్టు గోడ ఇంకా కట్టలే. అబద్ధం చెప్పను. అర్జీ నకలు మినిట్స్ పుస్తకంలో అంటించిన, ప్రతి మీటింగ్‌ల దాని సంగతి అడుగుతున్నం, లోను బకాయి అడిగినట్టే.

ఈ మహాసభను నేను కోరేది ఒక్కటే. వచ్చే జూన్ల బడి తెరిచేలోపల ప్రతి గ్రామ సంఘం తన పిల్లలతో ఒక పొద్దున బడి దాకా నడవాలె. నడిచి, చూసినవి పుస్తకంలో రాసి, అందులో మన చేతిలది మనం చేసి, మిగిలింది అర్జీ పెట్టాలె. దీన్ని ఈరోజే తీర్మానం చేద్దాం.

పత్తి ఏరుడుకు పోయిన ఆ పిల్ల సంగతి చెప్పి సెలవు తీసుకుంట. గుంపు నడక మొదలైనంక వాళ్ల తల్లి ఇంటికి నాలుగు సార్లు పోయిన. ఐదోసారి ఆమెనే "రేపటి వంతు నాకు వేయి అక్కా, నేను వెంబడి నడుస్త" అన్నది. తెల్లారి తల్లి ముందట, బిడ్డ వెనుక, సంచి వేసుకొని వచ్చినరు.