ఆరో కంప్యూటరు

గ్రంథాలయ వారోత్సవాల్లో పాత కంప్యూటర్ల గురించి మాట్లాడమన్నారు. ఒప్పుకోవడానికి నాకు క్షణం పట్టలేదు. 1935లో గ్రంథాలయోద్యమకారులు పాతూరి నాగభూషణంగారు కృష్ణా డెల్టా కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపారు. పుస్తకం కొనుక్కోలేని ఊళ్లకు పుస్తకాలే పడవెక్కి వెళ్లాయి. వాటితో పాటు, వాటిని చేతికందించే మనిషీ వెళ్లాడు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఆ మనిషి గురించే.

2017-18లో జాతీయ నమూనా సర్వే లెక్క తీస్తే, పల్లెల్లో కంప్యూటరున్న ఇళ్లు నూటికి 4.4, పట్టణాల్లో 23.4. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి కదా అంటారు. ఉన్నాయి. కానీ ఇంజనీరింగు ప్రవేశ పరీక్షలో ర్యాంకు వచ్చిన పిల్ల వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి ఇవాళ్టికీ నెట్ సెంటరుకే వెళ్తోంది. వెనక జనం నిలబడి ఉంటారు. కుర్చీలో కూర్చున్న కుర్రాడు టకటకా కాలేజీల వరస పెట్టేస్తాడు. నాలుగేళ్ల చదువుని, ఆ తర్వాతి బతుకుని తేల్చే వరస అది. ఆ పిల్ల వాళ్ల నాన్న పక్కన నిలబడి చూస్తూ ఉంటుంది. డిజిటల్ అంతరం అని మనం సభల్లో చెప్పుకునేది నాకు ఆ కుర్చీ దగ్గర కనిపిస్తుంది. కూర్చున్నదెవరు, నిలబడ్డదెవరు అన్నదే తేడా.

మరోపక్క మన ఆఫీసుల స్టోరు రూములు చూడండి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 చూస్తే, 2017కి ముందు తరాల ఇంటెల్ ప్రాసెసర్లను దాదాపుగా దగ్గరకి రానివ్వదు. యంత్రం నిక్షేపంగా ఉంటుంది, జాబితాలో మాత్రం దాని పేరు పక్కన ‘స్క్రాప్’ అని పడుతుంది. 2022లో ప్రపంచం పోగేసిన ఈ-వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క దొరికింది నూటికి 22 పాళ్లకే. లాప్‌టాప్ వల్ల గాలిలో కలిసే కర్బనంలో సింహభాగం దాన్ని తయారు చేసేటప్పుడే కలిసిపోతుంది. అంచేత ఉన్నదాన్ని ఇంకో నాలుగేళ్లు నడిపించడం రీసైక్లింగు కంటే మెరుగైన పని.

ఆ పని చేసి చూపినవాళ్లున్నారు. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్ నగరంలో 2000లో ఫ్రీ గీక్ అనే లాభాపేక్ష లేని సంస్థ పుట్టింది. జనం వదిలేసిన కంప్యూటర్లు తీసుకుని, బాగయ్యేవి బాగుచేసి, కానివి విడగొట్టి రీసైక్లింగుకి పంపడం వాళ్ల పని. అంతవరకు చాలామంది చేస్తారు. నన్ను కట్టిపడేసింది వాళ్లు తొలిరోజుల్లో పెట్టుకున్న పద్ధతి. 24 గంటలు అక్కడ సేవ చేసినవాళ్లకు ఒక కంప్యూటరు. లేదంటే బిల్డ్ విభాగంలో చేరి, ఐదు కంప్యూటర్లు కూర్చి సంస్థకిచ్చి, ఆరోది ఇంటికి పట్టుకెళ్లొచ్చు. అందులో వేసిచ్చేది లైనక్సు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ కాబట్టి లైసెన్సు ఖర్చు లేదు.

ఈ పద్ధతిలో ఎంత మర్యాద ఉందో గమనించండి. డబ్బు లేని మనిషి అక్కడ చెయ్యి చాచడం లేదు, తన శ్రమ ఇచ్చి తన యంత్రం తెచ్చుకుంటున్నాడు. ఆ ఆరో కంప్యూటరు రేపు ఇంట్లో మొరాయించినా అతను బెదిరిపోడు. ఐదుసార్లు విప్పి బిగించిన చేతులవి. తర్వాత వాంకూవర్, షికాగో లాంటి నగరాల్లోనూ ఇదే బాటలో సంస్థలు వచ్చాయి.

మేం ఈ పాఠం ఆలస్యంగా నేర్చుకున్నాం. పాత కంప్యూటర్లు బాగుచేసే మా బృందం మొదట్లో ఒక ఉన్నత పాఠశాలకి పది డెస్క్‌టాపులు ఇచ్చింది. శాలువాలు కప్పారు, ఫొటోలు దిగాం, వచ్చేశాం. నాలుగు నెలల తర్వాత వెళ్తే గదికి తాళం. లోపల అన్నిటి మీదా గుడ్డలు కప్పి ఉన్నాయి. “నాలుగు పాడైపోయాయి సార్. మిగతావి కూడా ఏమైపోతాయోనని పిల్లల్ని ముట్టుకోనివ్వలేదు” అన్నారు టీచరుగారు. ఆ నాలుగూ ఆన్ చేసి చూశాను. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు, ఎఫ్1 నొక్కమంటూ. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032 అంటారు. అది అయిపోయింది, అంతే. వాచీల కొట్లో అడిగినా ఇస్తారు. తప్పు ఆ టీచరుగారిది కానే కాదు, మాది. పెట్టె ఇచ్చాం గానీ మూత తీయడం నేర్పలేదు.

అప్పటినుంచి పద్ధతి మార్చాం. కంప్యూటరు ఎవరి ఊరికి వెళ్తుందో వాళ్లే వచ్చి దాన్ని సిద్ధం చేసుకోవాలి. మొన్నామధ్య ఇంటర్ చదివే ఒక అమ్మాయి వచ్చింది. ఆన్ చేస్తే తెర వెలగలేదు, బీప్ బీప్‌మని ఒకటే మోత. “కాల్చేశానా సార్?” అని వెనక్కి జరిగింది. “ఏం కాలేదమ్మా, స్విచ్చి తీసేసి ర్యామ్ ఊడదీయి” అన్నాను. బంగారు రంగు అంచు మీద మట్టి పట్టి ఉంది. తన పౌచ్‌లోంచి పెన్సిల్ రబ్బరు తీసి నెమ్మదిగా రుద్దింది, పొడి ఊదేసి, మళ్లీ పెట్టి, రెండు పక్కలా టక్కుమనేదాకా నొక్కింది. ఈసారి ఒకే ఒక్క బీప్. తెర వెలిగింది. పాత హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేసి, లైనక్స్ మింట్ ఎక్కించి, తెలుగు కీబోర్డు పెట్టుకుని ఆ పిల్ల మొట్టమొదట కొట్టింది వాళ్ల ఊరి పేరు. రెండు వారాలకి తమ్ముడిని వెంటబెట్టుకొచ్చి, ర్యామ్ ఎక్కడుంటుందో వాడికి తనే చూపించింది.

పాత కంప్యూటర్లు ఇచ్చేవాళ్ల భయం ఒకటుంది. అందులో మా ఫైళ్లున్నాయండీ అంటారు. ఆ భయం న్యాయమైనదే. 2005లో ఈ-వ్యర్థాల మీద నిఘా పెట్టే బాసెల్ యాక్షన్ నెట్‌వర్క్ సంస్థ వాళ్లు నైజీరియాలోని లాగోస్ మార్కెట్లో పాత హార్డ్ డిస్కులు కొని చూస్తే, ఇతర దేశాల వ్యక్తుల, కార్యాలయాల సమాచారం అలాగే బయటపడింది. డిలీట్ కొట్టినంత మాత్రాన డిస్కు ఖాళీ కాదు. మొత్తం డిస్కు మీద కొత్త డేటా రాయించి చెరిపేయాలి, చెరిపినట్టు రాతపూర్వకంగా ఇవ్వాలి. అంతవరకూ ఆ యంత్రం ఇంకొకరి చేతికి వెళ్లకూడదు.

అదే పరిశీలనలో ఇంకో చేదు నిజం కూడా తేలింది. పునర్వినియోగం పేరుతో అక్కడికి చేరిన సరుకులో చాలాభాగం పనికిరాని చెత్త. పేదవాళ్లకి ఏదైనా చాలులే అనే మనసే ఇలాంటి చెత్తకి దారి తీస్తుంది. పగిలిన తెరా, చార్జరు లేని లాప్‌టాపూ ఇచ్చి దానమనుకోవడం అన్యాయం. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు బాగుచేసేవారిని కూడా కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదు చేసుకోమంటున్నాయి. అది మంచిదే. ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోయింది అన్న లెక్క ఉండాలి.

మిత్రులారా, మీ శాఖా గ్రంథాలయంలో ఒక బల్ల, రెండు ప్లగ్గులు, తాళం పడే ఒక బీరువా ఇవ్వండి. ఆదివారం పూట రెండు గంటలు తలుపు తీసి ఉంచండి. స్క్రూడ్రైవర్లు, లైనక్సు వేసిన పెన్‌డ్రైవులు మేం తెస్తాం. సభలో ఉద్యోగులు చాలామంది ఉన్నారు. మీ స్టోరులో పక్కన పెట్టిన యంత్రాల జాబితా ఒకసారి అడిగి తీసుకోండి. లాప్‌టాపు ఇస్తే చార్జరుతో సహా ఇవ్వండి. ముందుకొచ్చే గ్రంథపాలకులు సభ అయ్యాక తలుపు దగ్గరున్న పుస్తకంలో మీ ఊరి పేరు రాసి వెళ్లండి.