పాత మోటారు బండిలో నీరు కారుట



ఒక గ్రామమున పాత మోటారు బండి యున్నచో అది యజమానునికి మాత్రమే బండి కాదు. 108 బండి వచ్చులోపల రోగిని పట్టణమునకు చేర్పవలసి వచ్చినను, పెండ్లివారిని విడిదికి దింపవలసి వచ్చినను ఆ బండియే కదలవలెను. అట్టి బండి నిలిచిన తావున తెల్లవారుసరికి నేల తడిసియున్నచో మనవారు సామాన్యముగా చేయు పని యొకటి కలదు. మూత తీసి రెండు చెంబుల నీరు పోయుదురు. మరునాడు మరల పోయుదురు. కొన్ని దినములకు నీటి డబ్బా యొకటి డిక్కీలో నిత్యమును ప్రయాణము చేయ నారంభించును. నీరు పోయుట సులభము. అది ఎక్కడ పోవుచున్నదో వెదకుట కష్టము. కాని ఈ దినదినపు పోతయే ఇంజనులను చంపుచున్నది. ఎట్లో మనవి చేసెదను.

ఉదాహరణమునకు అంబాసిడరును తీసికొందము. దీనిని కలకత్తాకు సమీపమున నున్న ఉత్తరపారా కర్మాగారమున 1950ల చివర మొదలుకొని 2014 మే నెల వరకు చేసిరి. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు బండి దీనికి మూలము. ఇప్పటికిని పల్లెలలో నిలిచియున్న వానిలో 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను గలవి పాతవి. వాని నిర్మాణము సుబోధము. బానెట్టు ఎత్తినచో ప్రతి భాగమును కంటికి కనబడును, చేతికి అందును. ఈనాటి బండ్లకు ఆ సుగుణము లేదు.

ఇంజనులో పెట్రోలు మండగా పుట్టిన వేడిలో మూడవ పాలు, తరచుగా అంతకన్నను తక్కువయే, చక్రములను త్రిప్పుటకు వినియోగపడును. తక్కినదానిలో కొంత పొగగొట్టము గుండ వెడలిపోవును. మిగిలిన వేడిని మోసికొనిపోవునది నీరు. పంకా వెనుక నున్న నీటి పంపు ఈ నీటిని సిలిండర్ల చుట్టును త్రిప్పును. కాగిన నీరు పైగొట్టము ద్వారమున రేడియేటరునకు వచ్చి, తేనెపట్టు వంటి ఆ సన్నని గొట్టములలో దిగుచు గాలికి చల్లారి, క్రిందిగొట్టము ద్వారమున మరల పంపును చేరును. నడుమ థర్మోస్టాటు అను చిన్న తలుపు కలదు. నీరు సుమారు 80 డిగ్రీల సెంటిగ్రేడు వేడెక్కు వరకు అది మూసికొనియుండును.

రేడియేటరు మూత ఒట్టి మూత కాదు. దానిలో స్ప్రింగు కలదు. మన యిండ్లలోని ప్రెషరు కుక్కరు వలె అది లోపల ఒత్తిడిని నిలుపును. బయట నీరు 100 డిగ్రీల వద్ద మరుగును. చదరపు అంగుళమునకు 7 పౌనుల ఒత్తిడిని మూత నిలిపినచో ఆ నీరు 111 డిగ్రీల వరకును మరుగదు. ఇందులో లాభమును కలదు, అపాయమును కలదు. వేడిబండి మూతను తటాలున త్రిప్పినచో ఒత్తిడి పోయి, మరుగక నిలిచియున్న నీరంతయు ఒక్క పెట్టున పొంగి ఆవిరియై మొగముమీదికి ఎగయును. చూపు పోవచ్చును. కావున ఇంజను ఆపిన పిమ్మట అరగంట, అవసరమైనచో అంతకు మించియు వేచియుండవలెను. పైగొట్టమును గుడ్డతో పట్టి నొక్కి చూడుడు. అది గట్టిగా నున్నంతవరకు లోపల ఒత్తిడి యున్నట్లే. ఎంత తొందర పనియైనను ఇందు తొందర పనికిరాదు.

ఇక వెదకుట. మా బావగారి యొద్ద 1986 నాటి అంబాసిడరు ఒకటి కలదు. దినమునకు లీటరున్నర నీరు త్రాగుచుండెను. రేడియేటరు క్రింద, సరిగా నడుమ, తడి కనబడుచుండెను. చూచినవారందరును రేడియేటరే చిల్లిపడినదనిరి. పట్టణములోని యొక దుకాణమువారు దానిని విప్పి, బిందెకు మాటు వేసినట్లు టంకము పెట్టి యిచ్చిరి. వారము దినములు గడచెను. తడి మరల కనబడెను. రెండవసారియు విప్పించి మాటు వేయించిరి. ఫలము లేదు. చివరకు ఆయన నాతో "బావగారూ, ఈ రేడియేటరును పారవేసి క్రొత్తది కొనుటయే మేలు" అనిరి. "రేపు ఉదయము చల్లగా నున్నప్పుడు ఒకసారి చూచి, అటుపిమ్మట కొనుడు" అని నేనంటిని.

నీరు కారిన చోటు వేరు, నేల తడిసిన చోటు వేరు. పెంకుటింటిలో చినుకు పడిన చోట పైపెంకు పగిలియుండదు గదా. నీరు వాసము వెంట జారి ఎక్కడనో రాలును. బండిలోను అంతే. అదిగాక పంకా గాలికి తుంపరలు వెనుకకు కొట్టుకొనిపోవును. అందుచే తడిని గాక ఎండిన జాడను చూడవలెను. ఇనుము మీద కారిన నీరు త్రుప్పుచారను, ఇత్తడి మీద కారినది ఆకుపచ్చని చిలుమును, ఉప్పునీరు తెల్లని గారను విడిచిపెట్టును. మా బావగారి బండిలో రేడియేటరు వెనుక వైపున, పైగొట్టము బిగించిన మెడ నుండి అడుగు వరకు, సన్నని పచ్చని చార యొకటి దిగియుండెను. పంకా చాటున నుండుటచే అది ముందునుండి కనబడదు.

చార యొక్కటియే సాక్ష్యము కాదు, పాతదియు కావచ్చును. కావున చేతిపంపుతో పరీక్షించితిమి. రేడియేటరు నోటికి బిగించునట్టి, ఒత్తిడిని చూపు ముల్లు గల పంపు మంచి మేస్త్రీల యొద్ద నుండును. చల్లని ఇంజనులో నీరు నిండుగా పోసి, మూత మీద వ్రాసియున్న ఒత్తిడి వరకు మాత్రమే, అంతకు మించక, గాలి కొట్టవలెను. ముల్లు కదలక నిలిచినచో బయటికి కారుట లేదన్నమాట. ఇక్కడ ముల్లు మెల్లగా దిగసాగెను. రెండు నిమిషములలో పైగొట్టపు క్లిప్పు క్రింద ఆవగింజంత బొట్టు తలయెత్తి, ఆ పచ్చని చార వెంటనే జారెను.

గొట్టము తీసి చూడగా రబ్బరు క్రింద ఇత్తడి మెడ గుంటలు గుంటలుగా తినివేయబడియుండెను. దుకాణమువారు రేడియేటరును విప్పి తొట్టిలో ముంచి, సైకిలు ట్యూబునకు పంక్చరు చూచినట్లు చూచిరట. ఆ పద్ధతి మంచిదే. కాని ఆ మెడను బిరడాతో మూసినప్పుడు ఆ గుంటలు పరీక్షకు రానేరావు. లోపమున్న భాగమును విడిచి తక్కినదానినంతయు పరీక్షించిరి. మెడను గరుకుకాగితముతో రుద్ది, గుంటలను టంకముతో పూడ్పించి, నునుపు చేయించి, క్రొత్త గొట్టమును క్రొత్త క్లిప్పును బిగించితిమి. క్రొత్త రేడియేటరు వెలలో అది అల్పమైన భాగము.

గొట్టము మార్చునప్పుడు పాతదానిని స్క్రూడ్రైవరుతో పెకలింపరాదు. ఇత్తడి మెత్తనిది, మెడ వంగును. రబ్బరును నిడివిగా కోసి ఒలిచివేయవలెను. మెడ చివర ఉబ్బెత్తు అంచు ఉండును. క్లిప్పు ఆ అంచునకు లోపలి ప్రక్కను కూర్చుండవలెను గాని దాని నెత్తిమీద కాదు. బలమున్నదిగదా యని మితిమీరి బిగించినచో క్లిప్పు రబ్బరును కోయును.

తక్కిన తావులను గూర్చి క్లుప్తముగా చెప్పెదను. ఇంజను ప్రక్కను గుండ్రని రేకు బిళ్ళలు కలవు. పోత పోసినప్పటి ఇసుకను తీయుటకు విడిచిన రంధ్రములను వానితో మూసిరి. అవి లోపలనుండి త్రుప్పుపట్టి చెమర్చును. అట్టిదానిని ఊడదీసి క్రొత్తది కొట్టించుటయే గాని పై పూతలు నిలువవు. నీరు వదలు కుళాయి, థర్మోస్టాటు మీది మూత, వీని గ్యాస్కెట్లను చూడవలెను. మూతలోని రబ్బరు ఎండినచో, లేక స్ప్రింగు సడలినచో, ఎక్కడను చిల్లి లేకయే నీరు ప్రక్కనున్న సన్నని గొట్టము గుండ పోవుచుండును. అంచుల వరకు నింపిన పాత బండియు వేడెక్కగానే మిగులు నీటిని ఆ దారినే త్రోసివేయును. అది రోగము కాదు. అంగుళము వెలితిగా నింపిన సరిపోవును.

నీటి పంపు విషయము మాత్రము కొంచెము వివరింపవలెను. పంపు అడుగున చిన్న బెజ్జము కలదు. దానినుండి నీరు బొట్లుగా కారినచో లోపలి సీలు అరిగినదని అర్థము. బెల్టు తీసి పంకాను ముందు వెనుకలకు కదిపి చూచినచో బేరింగు అరుగుదలయు తెలియును. కొందరు ఆ బెజ్జమును గట్టిపడు ముద్దతో పూడ్చి, కారుట ఆగినదని సంతోషింతురు. ఆ బెజ్జము నీరు బేరింగులోనికి పోకుండ బయటికి విడుచుటకే పెట్టినది. దానిని పూడ్చినచో నీరు బేరింగులో చేరి దానిని తినివేయును. పిమ్మట పంకా ఊగి రేడియేటరునే చీల్చవచ్చును.

బయట ఎక్కడను తడి లేక నీరు తరుగుచున్నచో భయపడవలసినది హెడ్డు గ్యాస్కెట్టును గూర్చి. ఇంజను వేడెక్కిన పిమ్మటను పొగగొట్టము నుండి తెల్లని ఆవిరి ఆగక వచ్చుట, రేడియేటరులో బుడగలు ఎడతెగక లేచుట, నూనె కొలుచు కడ్డీ మీద నూనె పాలు కలిపిన కాఫీ వలె కనబడుట దీని గురుతులు. నూనె పోయు మూత అడుగున మాత్రమే కొంచెము తెల్లని నురుగు కనబడినచో తొందరపడవద్దు. చలికాలమున కొద్ది దూరములే తిరుగు బండ్లకు అది చెమ్మవలన కలుగును. కడ్డీ మీద కనబడినచో బండిని నడుపనే కూడదు.

దినదినము నీరు పోయుటలోని చెరుపు ఇప్పుడు తెలియును. పోసిన ప్రతి చెంబుతోను క్రొత్త ఉప్పులు లోపలికి పోవుచున్నవి. బోరుబావి నీరు కాచిన కాగునకు సున్నపు గార పట్టుట మన యిల్లాండ్రు ఎరిగినదే. ఆ గారయే రేడియేటరు సన్నగొట్టములను పూడ్చును. క్రొత్త నీటితో క్రొత్త గాలి చేరి త్రుప్పును పెంచును. ఇంకొక మోసము కలదు. వేడిని చూపు ముల్లు నీటిలో మునిగిన కొలమానము వలన పని చేయును. నీరు దానికన్న క్రిందికి పోయినచో ఇంజను మాడుచున్నను ముల్లు నిబ్బరముగా, ఒక్కొక్కప్పుడు తక్కువగానే, చూపును. ముల్లును నమ్మి నడిపిన డ్రైవరును నేను తప్పుపట్టను; నీటిని చూడక బండిని పంపిన యజమానుని తప్పుపట్టెదను. మాడిన ఇనుములో వెంటనే చన్నీరు పోసినచో హెడ్డు పగులవచ్చును.

త్రోవలో గొట్టము చిట్లినచో, చల్లారిన పిమ్మట సైకిలు ట్యూబు పట్టీని బిగువుగా చుట్టి తాడుతో కట్టి, ఒత్తిడి నిలువకుండ మూతను సడలించి, మాటిమాటికి ఆగుచు నెమ్మదిగా దగ్గరి ఊరు చేరవచ్చును. పసుపు, మిరియాలపొడి, కోడిగ్రుడ్డు సొన రేడియేటరులో వేయుట పాత చిట్కాలు. చిల్లి మూసికొనుటయు కలదు. చిల్లితో పాటు మంచి గొట్టములును మూసికొనును. అంగడిలో అమ్ము చిల్లిమూత మందులును నా దృష్టిలో వానికి దాయాదులే.

మరమ్మతు ముగిసిన తరువాత బోరునీరు పోయక, బ్యాటరీకి వాడు డిస్టిల్డు నీటిని, అందు సగము పాలు కూలెంటును కలిపి పోయవలెను. మన ప్రాంతమున నీరు గడ్డకట్టదు గదా యని కొందరందురు. కూలెంటు పని అంతమాత్రము కాదు. అది త్రుప్పును ఆపును, మరుగుమట్టమును కొంత పెంచును. మూత తీసియుంచి నెమ్మదిగా నింపి, ఇంజను నడిపి, పైగొట్టము వేడెక్కి థర్మోస్టాటు తెరచుకొన్న పిమ్మట మట్టము దిగినంత మరల పోయవలెను. లోపల చిక్కిన గాలి అట్లు వెడలును. మరునాటి ఉదయము, వారము గడచిన పిమ్మట, మట్టమును చూడవలెను.

తీసివేసిన పాత కూలెంటును గూర్చి ఒక మాట. సామాన్యముగా అందులో నుండు ఎథిలీను గ్లైకాలు తియ్యగా నుండు విషము. సుమారు 100 మిల్లీలీటర్లు పెద్దమనిషి ప్రాణమును తీయగలవు. పసిపిల్లలకు, కుక్కలకు, దూడలకు ఇంకను తక్కువ చాలును. మొదట మత్తు వలె కనబడి, పిమ్మట మూత్రపిండములు చెడును. ఎవరైనను త్రాగిరని అనుమానము కలిగినంతనే, బాగుగానే యున్నారని ఊరకుండక, ఆసుపత్రికి కొనిపోవలెను. దానిని పశువుల తొట్టి దరిని గాని, కాలువలో గాని, నూతిగట్టున గాని పారబోయరాదు. త్రాగునీటి సీసాలలో పోసి యుంచరాదు. బిగువు మూత గల డబ్బాలో పోసి, విషమని పెద్ద అక్షరములతో వ్రాసి, పిల్లలకందని తావున నుంచి, పాతనూనె తీసికొను మేస్త్రీకి అప్పగింపవలెను. నేలపై ఒలికినదానిని ఇసుకతో అద్ది ఎత్తివేసి, ఆ చోటును కడుగు వరకు పశువులను అటు విడువకుడు.