డాక్టర్ వద్దన్నా డిశ్చార్జ్ అయితే ఇన్సూరెన్స్ రాదా?

ఈ ఎపిసోడ్ అమెరికాలో ఉంటున్న మన వాళ్ల కోసం. స్టూడెంట్స్, ఉద్యోగాలు చేసేవాళ్లు, పిల్లల్ని చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలు, అందరికీ పనికొస్తుంది.

ఛాతీలో నొప్పి అని ఎమర్జెన్సీకి వెళ్లారనుకోండి. టెస్టులు చేసి, రెండు రోజులు ఉండమన్నారు. మీకు నొప్పి తగ్గింది, ఇంట్లో చంటిపిల్ల ఉంది, వెళ్లిపోతానన్నారు. అప్పుడు ఒక ఫారం తెచ్చి సంతకం పెట్టమంటారు. దీన్ని ఎగైనెస్ట్ మెడికల్ అడ్వైజ్, షార్ట్‌గా ఏఎంఏ అంటారు. మన దగ్గర హాస్పిటల్స్‌లో 'లామా' అంటారే, అదే ఇది. సరిగ్గా ఆ టైంలో ఎవరో ఒకరు అంటారు, "ఇలా వెళ్తే ఇన్సూరెన్స్ పైసా ఇవ్వదు, బిల్లంతా మీరే కట్టుకోవాలి" అని. అక్కడి బిల్లు తలుచుకుంటే తగ్గిన నొప్పి మళ్లీ మొదలవుతుంది!

మరి ఇది నిజమా? చికాగో యూనివర్సిటీ డాక్టర్లు ఇదే ప్రశ్న వేసుకుని, 2012లో ఒక స్టడీ పబ్లిష్ చేశారు. 2001 నుంచి 2010 వరకు ఒక హాస్పిటల్‌లో చేరిన 46,319 మంది రికార్డులు చూశారు. అందులో 526 మంది ఇలా వెళ్లిపోయారు. వాళ్లలో ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకి పేమెంట్ ఆగింది సుమారు 4 శాతం కేసుల్లోనే. అది కూడా పేరు తప్పుపడటం, బిల్లు లేటుగా పంపడం లాంటి కారణాలతో. డాక్టర్ మాట వినలేదని ఆగిన కేసు ఒక్కటీ లేదు. తమాషా ఏంటంటే, అదే స్టడీలో జూనియర్ డాక్టర్లలో దాదాపు 69 శాతం, సీనియర్లలో 44 శాతం మంది ఇన్సూరెన్స్ రాదనే నమ్ముతున్నారు. అంటే మిమ్మల్ని భయపెట్టాలని కాదు, వాళ్లకే తెలియదు.

ఇది ఒక్క హాస్పిటల్ లెక్క, గుర్తుంచుకోండి. కానీ లాజిక్ సింపుల్. చేసిన వైద్యం అవసరమా, ప్లాన్‌లో కవర్ అవుతుందా అన్నదే ఇన్సూరెన్స్ చూసేది. డిడక్టిబుల్, కోపే మాత్రం ఎలాగూ మీరే కట్టాలి. అమ్మానాన్నలకి తీసుకునే విజిటర్ ఇన్సూరెన్స్ సంగతి వేరు. వాటి షరతులు కంపెనీ కంపెనీకీ మారతాయి. అందుకే ఎక్స్‌క్లూజన్స్ పేజీ చదవండి, లేదా కార్డు వెనక ఉన్న నంబర్‌కి హాస్పిటల్ నుంచే ఫోన్ చేసి అడగండి.

అయితే "డబ్బులొస్తాయిగా, పదండి పోదాం" అనకండి. ఇలా వెళ్లినవాళ్లు మళ్లీ హాస్పిటల్‌లో చేరాల్సి రావడం ఎక్కువని చాలా స్టడీల్లో తేలింది. అసలు రిస్క్ బిల్లులో లేదు, ఒంట్లో ఉంది. సంతకం పెట్టేముందు డాక్టర్‌ని అడగండి: ఇప్పుడు వెళ్తే ఏమవ్వచ్చు? ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి? మందులు రాసిస్తారా, ఫాలోఅప్ ఎప్పుడు? ఇంట్లో సమస్య ఏంటో కూడా చెప్పండి. ఒక్కోసారి ఆ మాటతోనే దారి దొరుకుతుంది.

ఇంటికెళ్లాక తేడా అనిపిస్తే మొహమాటపడకుండా మళ్లీ ఎమర్జెన్సీకి వెళ్లండి. 1986లో వచ్చిన ఎంటాలా చట్టం ప్రకారం, మెడికేర్ తీసుకునే హాస్పిటల్ ఎమర్జెన్సీ మిమ్మల్ని పరీక్షించి తీరాలి. మొన్న సంతకం పెట్టి వెళ్లారుగా అని వెనక్కి పంపడానికి లేదు.

ఒకవేళ క్లెయిమ్ రిజెక్ట్ అయితే కారణం రాతపూర్వకంగా తీసుకోండి. చాలా హెల్త్ ప్లాన్లలో అప్పీల్‌కి 180 రోజుల టైం ఉంటుంది. అక్కడా కుదరకపోతే బయటివాళ్లతో రివ్యూ అడగొచ్చు.

ఉండాలా వెళ్లాలా అన్నది మీ ఆరోగ్యం చూసి తేల్చుకోండి, ఎవరో చెప్పిన బిల్లు భయంతో కాదు. అమెరికాలో మీ వాళ్లుంటే ఈ వీడియో పంపండి.